రెండు ఎడమ రెక్కలు

మా పైవాటా అక్క కర్మ నాడు భోజనాల దగ్గర అందరిదీ ఒకటే మాట. "అన్న దగ్గరికి పొయ్యుంటే ఇట్ల దిక్కులేకుండా పొయ్యేదా?" వడ్డించేవాళ్ళూ అన్నారు, తినేవాళ్ళూ అన్నారు. నేను పప్పు గిన్నె పట్టుకుని నిలబడి విన్నాను. అప్పుడు వడ్డిస్తూ పోయాను. పాప నిద్రపోయింది, మా ఆయన నైట్ షిఫ్టులో ఉన్నాడు, ఇప్పుడు రాస్తున్నాను. ఆమె దిక్కులేకుండా పోలేదు. తన ఇంట్లో, తన మంచం మీద, తలుపుకు తన చేత్తో గడియ వేసుకుని నిద్రలో పోయింది. ఆ గడియ తన చేతిలో ఉండటం కోసం ఆమె ఏం చేసిందో ఆ విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళలో ఒక్కరికే తెలుసు. ఆమె అన్నకు. ఆయన తల వంచుకుని తింటున్నాడు.

తిరుపతిలో మేము అద్దెకు దిగిన ఇంటికి పైవాటా ఆమెది. జాకెట్లు కుట్టేది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. సూదులు తీయకుండానే మాట్లాడేది. మాటలు నోటి కుడి కొసన నుంచి జారి వచ్చేవి. తిట్టినా అలాగే, నవ్వినా అలాగే. ఆమె నవ్వితే ఎదుటివాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు, సూది ఎక్కడ మింగుతుందో అని.

మేము సామాను దించిన రోజే మెట్ల మీద నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎడమ భుజం దిగింది నీకు. పాపను ఎప్పుడూ ఆ పక్కే ఎత్తుకుంటావు గదా?" అంది. పేరు అడగలేదు. ఏ ఊరని అడగలేదు.

నాకు భయం జాస్తి. పెళ్ళికి ముందు లేదు, పాప పుట్టాక వచ్చింది. మెట్లంటే భయం, మిద్దె పిట్టగోడంటే భయం, పాప దగ్గితే భయం, దగ్గకపోతే భయం. డిగ్రీ చదివినదాన్ని, ఇది అతి అని నాకూ తెలుసు. తెలిస్తే పోయే రకం కాదది. ఆమె దీనికి ఒక వైద్యం చేసేది. వైద్యమంతా ఒక్క మాటే. "తర్వాత?"

"పాప పైకి వస్తానంటోందక్కా. మెట్ల మీద పడితే?"

"పడితే. తర్వాత?"

"మోకాలు చీరుకుంటుంది."

"తర్వాత?"

"రక్తం వస్తుంది."

"తర్వాత?"

"కట్టు కట్టించాలి."

"తర్వాత?"

"తర్వాతేముంది... మానిపోతుంది."

"ఆ మాట ముందే సెప్పుంటే ఈపాటికి పాప పైనుండేది గదా. సగం మాట సెప్పి వణుకుతా కూసుంటావు ఎప్పుడూ."

ఒక్కోసారి ఆ 'తర్వాత' వినీ వినీ ఒళ్ళు మండేది. కొన్ని భయాలకు చివర్న మానిపోవడం ఉండదు కదా అని వాదించాను ఒకసారి. సూదులన్నీ తీసి అరచేతిలో పెట్టుకుని, "ఉండదు. నిజమే" అంది. మళ్ళీ నోట్లో పెట్టుకుని పనిలో పడింది.

విమానం పిచ్చి ఆమెకు ఎప్పుడు పట్టిందో నాకు తెలియదు. నేను వచ్చేసరికే చిన్నవి రెండు చేసి విరగ్గొట్టింది. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. అవి ఇంగ్లీషులోనో ఇంకే భాషలోనో ఉండేవి. శబ్దం తీసేసి చేతులు మాత్రమే చూసేది. "మాటలెందుకు, చేతులు సూస్తే సాలదా?" అనేది. మూడోది పెద్దది చేయాలని పట్టుబట్టింది. ఆరడుగుల రెక్కలు, నాలుగడుగుల ఒళ్ళు, ముందు కరెంటు మోటారు, కడుపులో బ్యాటరీ. నేల మీద నిలబడి రిమోటుతో నడిపేది. ఒళ్ళంతా ఫోము. మామూలు థర్మాకోలు కాదు, అది రాలుతుంది. పైకప్పు కింద ఎండ తగలకుండా పరుస్తారే, ఆ గట్టి పలకలు. ఇల్లు కట్టేవాళ్ళ దగ్గర మిగిలినవి అడిగి తెచ్చుకునేది.

ఎందుకని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో జవాబు. ఇంటి ఓనరు మిద్దె మీదికి వచ్చి, "ఏందమ్మా ఇది, ఇంత పొడుగు?" అన్నాడు.

"మీ ఇంటామె జాకెట్టు చెయ్యి సార్. కొలతలు మీరు పంపినవే."

ఆయన మళ్ళీ అడగలేదు. ఎదురింట్లో ఉండేవాళ్ళు దేవస్థానం ఆఫీసులో పని చేసే అయ్యంగార్లు. ఆ ఇంటి పెద్దావిడ మెత్తగానే అడిగింది, "ఈ వయసులో నీకెందుకే ఇదంతా" అని. "స్వామికి గరుడుడు ఉండాడు మామీ, నాకెవురుండారు?" అంది. పెద్దావిడ చెంపలు వేసుకుని, ఆపైన ఆపుకోలేక నవ్వింది.

నాకు మాత్రం వేరేగా చెప్పింది. "ఇన్నేండ్లు ఆడోళ్ళ ఒంటికి కుట్టినా. కుదిరిందని ఒక్కరూ ఒప్పుకోలేదు. ఈడ బిగుతంటారు, ఆడ వదులంటారు. ఇంటికి పోయి అదే తొడుక్కుని పెండ్లికి పోతారు. గాలికి ఒకటి కుట్టి సూద్దామనిపించింది. గాలి అబద్ధం ఆడదు. కుదిరితే ఎత్తుకుంటాది, కుదరకపోతే పారేస్తాది."

విమానం ఒళ్ళు పూర్తయింది. ఉంచడానికి చోటు లేక మంచం దానికిచ్చి తాను చాప మీద పడుకునేది. అన్న వచ్చింది ఆ రోజుల్లోనే.

ఆయనది పలమనేరు. ఆవులున్నాయి, పాల వ్యాపారం. దర్శనం చేసుకుని ప్రసాదం ఇవ్వడానికి వచ్చాడు. పాప పైనే ఆడుకుంటోందని నేనూ అక్కడే ఉన్నాను. మంచం వైపు చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏంది మే ఇది?"

"విమానం."

"ఎవురిది?"

"నాదే."

కుర్చీలో కూర్చుని తుండుతో మొహం తుడుచుకున్నాడు. "ఊళ్ళో ఏమంటాండారో తెలుసునా నీకు? చెల్లెలికి మతి చెడింది, అన్న పట్టించుకోలేదంటాండారు."

"అన్నా, పట్టించుకోలేదనేది అబద్ధం. మతి సంగతి నాకు తెలీదు."

"ఎకసెక్కాలొద్దు. ఇంట్లో గది ఖాళీగా ఉండాది. ఈ నెలతో ఈ వాటా వదిలెయ్. మిషను గూడా తెచ్చుకో, ఎవురొద్దన్న్యారు? ఒంటి ఆడమనిషివి, రేపు ఏమన్నా అయితే సూసేదెవురు?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట మనసులోంచే వచ్చింది.  నేనైతే ఆ రాత్రికే మూట కట్టేదాన్ని. ఆమె కత్తెర కింద పెట్టింది.

"సరే. పది రోజులాగి వచ్చి సూడు, ఇది పైకి లేచి, రెండు సుట్లు తిరిగి, ఒక్క గీటు పడకుండా నా కాళ్ళ కాడ దిగితే ఈ మాట మళ్ళీ ఎత్తగూడదు. దిగకపోతే నేనే మూట కట్టుకుని వస్తా."

"మాటేనా?"

"మాటే."

ఆయన వెళ్ళాక, "అంత మాట ఎందుకిచ్చావక్కా?" అన్నాను.

"ఏదో ఒకటి ఇయ్యకపోతే పొయ్యేట్టు లేడు. పొయ్యి మీద అన్నం మాడతాండాది" అని లోపలికి వెళ్ళింది. పొయ్యి దగ్గర నుంచి మళ్ళీ అంది, "గది ఖాళీ అంట. గది పక్కనే ఆవుల కొట్టం. పాలు పితికే మనిషి మానుకున్న్యాడంట పోయిన నెల."

ఇక మిగిలింది రెక్కలు. రెక్క కోయడానికి ఇద్దరు కావాలి. ఒక వంగిన చట్రానికి సన్నటి తీగ బిగించి కరెంటిస్తే తీగ కాగుతుంది. ఫోము దిమ్మకు రెండు కొసలా రెక్క ఆకారంలో కోసిన అట్టలు గుచ్చి, వాటి అంచు వెంబడి తీగను చెరో పక్క పట్టుకుని లాగాలి. గరిటెతో పెరుగు తీసినట్టు దిగుతుంది. ఒళ్ళు వైపు అట్ట పెద్దది, కొస వైపుది చిన్నది. అందుకని ఆమె పక్క వేగంగా, నా పక్క నిదానంగా కదలాలి. పొగ వాసన వస్తుందని పాపను ఎదురింటి మామి దగ్గర వదిలి, ఇద్దరం ముక్కులకు చున్నీలు కట్టుకున్నాం.

తీగ సగం దూరం వెళ్ళాక వంకర పోతుందేమో అనిపించింది. ఆపాను.

"ఆపొద్దు! ఆపితే కాలుతాది!"

అప్పటికే గుంత పడింది. తీగ నిలిచిన చోట ఫోము కరిగి ఇంత లోతున పల్లం. తప్పు చేస్తానేమోనని ఆగితే, ఆగడమే తప్పయింది. ఆమె గుంతలో వేలు పెట్టి చూసి, "జరిగితే వంకర పోతాది, అంతే గదా. వంకరను గరుకు ఉప్పు కాగితంతో రుద్దుకోవచ్చు. గుంతను దేంతో రుద్దేది?" అంది. ఇంకో దిమ్మ పెట్టాం. ఈసారి ఆమె లెక్కపెడుతూ ఉంటే నేను ఆగకుండా నడిచాను. ఒక రెక్క అయింది. దాని పక్కన ఇంకొకటి కోశాం. రెండూ నున్నగా, తెల్లగా, చూడముచ్చటగా వచ్చాయి.

మర్నాడు ఒంటికి తగిలించబోతే తెలిసింది. రెండూ ఎడమ రెక్కలే.

ఎందుకలా జరిగిందో అర్థమవడానికి నాకు కొంతసేపు పట్టింది. ఆమెకు వెంటనే తెలిసిపోయింది. బట్టను రెండు మడతలు వేసి కత్తిరిస్తారు. ఒక్క కోతకు రెండు చేతులూ వస్తాయి. మడత విప్పితే ఒకటి కుడిది, ఒకటి ఎడమది, వాటంతటవే. జన్మలో ఆమె కుడి చేయి అని విడిగా కత్తిరించింది లేదు. ఫోము మడత పడదు. ఒకే అట్ట ఒకే వైపున పెట్టి రెండు సార్లు కోసింది. ఏ ఇంజనీరూ చేయని తప్పు, ఏ దర్జీ అయినా చేసే తప్పు.

ఆమె రెండు రెక్కలనూ గోడకు ఆనించి ఎదురుగా కూర్చుంది. అన్నకు చెప్పిన రోజు దగ్గర పడింది. నేను వాయిదా వేయమన్నాను.

"వాయిదా వేస్తే ఓడినట్టేనంటాడు. పట్టు ఆ పక్క" అని లేచింది. ఆ మధ్యాహ్నమే కుడి రెక్క కోశాం. మిగిలిన ఎడమ రెక్కను గోడకు మేకు కొట్టి తగిలించింది. జాకెట్లు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు అదేమిటని అడిగితే, "ఒంటి చెయ్యి" అనేది.

తిరుపతిలో ఏదీ ఎగరేయకూడదు, కొండ పక్కనే కదా, పోలీసులు ఊరుకోరు. పూతలపట్టు దగ్గర ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకామెకు చేను ఉంది. వేరుశనగ పీకేశారు, నేల ఖాళీగా ఉంది, చుట్టూ మామిడి తోపులు. గాలి లేవకముందే చేరాలని తెల్లారి బస్సెక్కాం. ఆమె, నేను, పాప, పాత చీరలో చుట్టిన రెక్కలు. విమానం ఒంటిని ఆమె బిడ్డలా ఒళ్ళో పెట్టుకుంది.

"ఏందమ్మా ఈ మూట?" అన్నాడు కండక్టరు.

"రెక్కలు నాయనా."

"ఎవురికి?"

"ఇంకా తేలలేదు. ఈ పొద్దు తేలుతాది."

అన్న మాకంటే ముందే వచ్చి గట్టు మీద తుండు పరుచుకుని కూర్చున్నాడు. ఆమె పలకరించింది, టిఫిను తిన్నాడా అని అడిగింది. రెక్కలు బిగించింది. రెండు వేళ్ళ మీద విమానాన్ని ఎత్తి బరువు చూసుకుంది. ముక్కు తేలిక అనిపిస్తే లోపల బరువుకు పెట్టిన కుట్టుమిషను ఇనప బాబిన్లకు ఇంకొకటి కలిపింది. తర్వాత నా వైపు తిరిగింది. ఇంత పెద్దది దానంతట అది లేవదు. ఒకరు తల మీదుగా పట్టుకుని గాలికి ఎదురు పరుగెత్తి విసరాలి. ఆ మనిషి ముందునుంచీ నేనేనని ఆమె అనుకుందట. నాకు చెప్పలేదు.

"నా వల్ల కాదక్కా. పడేస్తే? నా వల్ల నీ ఇల్లు పోతే?"

"తర్వాత?" అనలేదు. "నేను రిమోటు పట్టుకుంటే విసిరేదెవురు, మా అన్నా?" అంది.

మోటారు నా తల మీద రొద పెట్టింది. పరుగెత్తాను. విసరబోయి, విసిరే క్షణంలో చేయి వెనక్కి లాక్కున్నాను. అది నా చేతిలోంచి జారి ముక్కుతో నేలను పొడిచింది. మోటారు ముందున్న పంకా ముక్కలైంది. గట్టు మీద అన్న గొంతు సవరించుకున్నాడు.

 ఆమె సంచిలోంచి ఇంకో పంకా తీసి బిగించింది. "సూడు" అంది నాతో, "మిగతాదంతా బాగానే ఉండాది. నువ్వు పరిగెత్తేది గూడా బాగుండాది. నిలబడొద్దు, అంతే."

రెండోసారి నేను నిలబడలేదు. ఎండిన మట్టిగడ్డలు అరికాళ్ళలో గుచ్చుకున్నాయి. చేతిలో బరువు ఉన్నట్టుండి లేకుండా పోయింది. తలెత్తేసరికి అది తోపు మీదుగా పోతోంది, తెల్లగా, మేం కోసింది, మా ఉప్పు కాగితపు గీతలతో సహా.

అది దూరంగా పోతున్నంతసేపూ సులువేనట. తిరిగి మన వైపు వచ్చేటప్పుడే కష్టం. ఎదురుగా వచ్చేదానికి కుడి ఎడమలు తారుమారవుతాయి. ముందు చేసిన చిన్నవి రెండూ అలాంటప్పుడే విరిగాయట. నేను పాపను గట్టిగా పట్టుకున్నాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి పోయి విన్నాను. కొలతలు ఇవ్వడానికి ఎదురుగా నిలబడిన ఆడమనిషితో మాట్లాడినట్టు దానితో మాట్లాడుతోంది. "ఇట్ల తిరుగు తల్లీ. సిగ్గెందుకు? నీ ఎడమ చెయ్యి ఎత్తు... నాది కాదు, నీది... అంతే. బిగబట్టొద్దు, ఊపిరి వదులు."

అది తిరిగింది. ఒక చుట్టు. రెండు చుట్లు. గట్టు మీద మనిషి ఎప్పుడు లేచి నిలబడ్డాడో గమనించలేదు. పాప చప్పట్లు కొడుతోంది.

దిగేటప్పుడు తోపులోంచి గాలి లేచింది. నేలకు మనిషెత్తులో ఉండగా పక్కకు ఒరిగింది. కుడి రెక్క కొస గట్టుకు తగిలి టప్పుమని విరిగింది. ఆమె నిలబడిన చోటికి బాగా దూరంలో, అన్న కాళ్ళ దగ్గర.

ఆయన వంగి రెక్క ముక్క తీసుకున్నాడు. ఆయన మొహంలో గెలిచిన సంతోషమేమీ లేదు. "బాగా ఎగిరింది మే" అన్నాడు. "నేను కాదనను. అయితే ఇరిగింది. ఇంక సర్దుకో. ఈ నెలాఖరుకు బండి పంపిస్తా."

ఆమె ఆ ముక్కను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఉన్నట్టుండి నవ్వింది. "ఇరిగిందేమో కుడిది. ఇంట్లో గోడకు ఉండేదేమో ఎడమది. సూడు నా కర్మ."

"నేను సెప్పేది ఇంటాండావా?"

"ఇంటాండా అన్నా. నేను రాను."

"మాట ఇచ్చినావు."

"ఇచ్చినా. తప్పుతాండా."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. నాకూ కాలేదు. మాట తప్పేవాళ్ళు సాకు చెబుతారు, గాలి లేచిందంటారు, నేను అలా అనలేదంటారు, ఏడుస్తారు. నేనైతే ఆ నాలుగూ చేసేదాన్ని. ఈమె గాలి ఊసే ఎత్తలేదు. సంతలో బేరం కుదరలేదని చెప్పినంత నిమ్మళంగా చెప్పింది.

"నలుగురూ అడిగితే నేనేం సెప్పేది?"

"మతి చెడిందని సెప్పన్నా. నీకూ సుళువు, నాకూ సుళువు. టిఫిను తెచ్చినాను, తినేసి పో."

ఆయన తినలేదు. తుండు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంటికి రాలేదు. ఆమె చట్నీలో ఇడ్లీ ముంచి పాపకు తినిపించింది, తానూ తింది.   బొట్టు బొట్టుగా చట్నీ చీర మీద పడుతోంది. చూసుకోలేదు.

కుడి రెక్క మళ్ళీ కోశాం. వానలు తగ్గాక మళ్ళీ ఆ చేనికే వెళ్ళాం. ఈసారి గట్టు మీద ఎవరూ లేరు. నేను ఒక్కసారే విసిరాను. మూడు చుట్లు తిరిగి, తోపు మీద నుంచి వాలి, నేల మీద పాకుతూ వచ్చి ఆమె చెప్పుల ముందు ఆగింది. ఒక్క గీటు లేదు. నేను ఎగిరి గంతులేశాను. అంతా ఫోన్లో పట్టుకున్నాను.

"ఇప్పుడే మీ అన్నకు పంపిస్తానక్కా. గెలిచావు."

"ఎందుకు?"

"చూస్తాడు కదా. ఇంక ఏమీ అనలేడు."

ఆమె వంగి బ్యాటరీ తీసి, వేడికి చేయి మార్చుకుంటూ, మామూలు గొంతుతోనే అంది. "ఇది సూపిస్తే రేపు ఇంకోటి సూపించమంటాడు. నా ఇంట్లో నేనుండేదానికి విమానం ఎగరాల్నా ఏంది?"

నేను ఆ వీడియో ఎవరికీ పంపలేదు.